వేపమండ

గడచిన ఫాల్గుణమాసమున మా మనుమరాలికి ఆటలమ్మ సోకినది. ఆఱేండ్ల పిల్ల. మొదటినాడు ఒడలు వెచ్చబడెను. మఱునాటికి వీపునందును ఱొమ్మునందును ఎఱ్ఱని పొక్కులు లేచి, సాయంకాలమునకు నీరు పట్టెను. మా తల్లిగారు చూచినంతనే చెంపలు వేసికొని "అమ్మ వచ్చింది" అనిరి. మా తిరుపతిలోను, చిత్తూరు ప్రాంతమునను పెద్దలు దీనిని రోగమనరు, అమ్మ పోసినదందురు.

గడియ గడవకముందే వాకిట వేపమండ వ్రేలాడెను. వంటయింట తిరగమోత ఆగిపోయెను. పిల్ల పడకపై వేపాకు పఱచిరి. ఉప్పు, కారము, పులుపు, నూనె నిషిద్ధములయ్యెను. తలకు నీళ్లు పోయువఱకు మందుమాట యెత్తరాదని యాజ్ఞ పుట్టెను.

మేము ఏండ్ల తరబడి మూఢాచారములను ఖండించుచు వచ్చినవారము. మా వాకిటనే వేపమండ కనబడుట మాకు తలవంపుగా దోచినది. మఱునాటి యుదయమున మా చేతులతోనే దానిని దించివేసితిమి. "నీకు నమ్మకం లేకపోతే పోనీ నాయనా, వాకిట్లో ఆకు నిన్నేం చేసింది?" అని మా తల్లిగారడిగిరి. మేము బదులు చెప్పలేదు.

ఆ సాయంకాలమే పొరుగింటివారి కుమార్తె మా యింటికి వచ్చెను. ఆమె పురిటికై పుట్టింటికి వచ్చినది. తొమ్మిదవ నెల నడచుచుండెను. పిల్ల దుప్పటి కప్పుకొని నిద్రించుచుండగా, ఎప్పటివలె మంచముప్రక్కన కూర్చుండి ఒక గడియసేపు మా కోడలితో మాటలాడెను. అంతలో పిల్ల ప్రక్కకు ఒత్తిగిల్లగా దుప్పటి తొలగినది. ఆమె తటాలున లేచి, "వాకిట్లో వేపాకు లేదే పెద్దనాయనా! ఉంటే వచ్చేదాన్నా?" అనెను.

ఆ ప్రశ్నకు మాకడ నుత్తరము లేకపోయెను.

ఈ వ్యాధికి కారణము వేరిసెల్లా-జోస్టర్ అను వైరస్. అది గాలివెంట పోవును. పొక్కులు లేచుటకు ఒకటి రెండు దినములు ముందునుండి, పొక్కులన్నియు ఎండి చెక్కు కట్టువఱకు రోగినుండి ఇతరులకు సోకుచునే యుండును. సోకిన పిదప 10 మొదలు 21 దినములలోపల బయటపడును. బలముగల బాలబాలికలలో తఱచుగా తనంతటనే తగ్గిపోవును. కాని గర్భిణి విషయము వేఱు. ఆమెకు ఊపిరితిత్తుల వాపు కలుగవచ్చును. ప్రసవమునకు ఐదు దినముల ముందునుండి రెండు దినముల తరువాతివఱకు తల్లికి పొక్కులు లేచినయెడల, శిశువు ప్రాణమునకే అపాయము. తల్లినుండి బిడ్డకు చేరవలసిన ప్రతిరక్షకములు చేరుటకు వ్యవధి యుండదు.

ఆ రాత్రియే ఆమెను వైద్యురాలికడకు తోడుకొనిపోయితిమి. చిన్ననాట ఈమెకు ఆటలమ్మ వచ్చినదా యని వైద్యురాలడిగెను. అప్పుడు వచ్చినది ఆటలమ్మయో తట్టో ఆమె తల్లికి జ్ఞాపకము లేదు. రక్తము తీసి పరీక్షకు పంపిరి. ఫలము తెలియుటకు రెండు దినములు పట్టినది. ఆ రెండు రాత్రులు మాకు కన్ను మూతపడలేదు. మూడవనాడు, ఆమె రక్తమున ప్రతిరక్షకములున్నవనియు, భయము లేదనియు తెలిసినది. అవి లేనియెడల వెంటనే ప్రత్యేకమైన చికిత్స చేయవలసి యుండెడిది. ఆమెకు పిమ్మట సుఖప్రసవమైనది. కాని అది మా వివేకమువలన గాదు.

ఆ రాత్రులలో మేము ఆలోచించిన దిది. మశూచికము ప్రబలియున్న కాలమున, దాని తీవ్రరూపము సోకినవారిలో నూటికి 30 మందివఱకు మరణించెడివారు. మశూచికమును ఆటలమ్మను స్పష్టముగా వేఱుచేసి ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్ వివరించినది 1767లో. మన పల్లెలలో పొక్కు లేచినప్పుడు, వచ్చినది చంపు అమ్మయో, ఆడుకొనిపోవు అమ్మయో ఇంటివారికి వెంటనే తెలిసెడిది కాదు. కనుక పొక్కు కనబడగనే వాకిట ఆకు కట్టిరి. అది చదువురానివారును చదువగల ప్రకటనము: ఇంట వ్యాధి యున్నది, లోనికి రావలదు. మన దేశమున కడపటి మశూచికము 1975 మే నెలలో కనబడెను. 1980 మే 8వ తేదిని ప్రపంచ ఆరోగ్య సభ భూమండలమంతయు దానినుండి విముక్తమైనదని ప్రకటించెను. మశూచికము పోయినను ఆకుయొక్క పని పోలేదు. మేము ఆచారమును దించితిమనుకొని, హెచ్చరికను దించితిమి.

అట్లని మా తల్లిగారు చేసినదంతయు సరియని చెప్పజాలము. మూడవనాటికి పిల్ల పెదవులెండి, లేచి కూర్చుండలేక పోయినది. ఉప్పులేని మజ్జిగ గ్రుక్కెడు త్రాగి మొగము త్రిప్పుకొనుచుండెను. ఈ వ్యాధియందు ఉప్పు మానవలసిన కారణ మేదియు లేదు. జ్వరమునను వేసవి చెమటలోను దేహము నీటితోపాటు ఉప్పునుగూడ కోల్పోవును. అప్పుడు మేము వాదము మాని, "అమ్మా, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పోసే అంబలిలో ఉప్పుండదా?" అని యడిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, వంటయింటిలోనికి పోయి, రాగియంబలిలో మజ్జిగయు ఉప్పును కలిపి తెచ్చెను. పిల్ల గిన్నెడు త్రాగినది.

మా యింట పిదప జరిగిన పథ్యమును గృహిణుల యుపయోగార్థము చెప్పుచున్నాము. అంబలి, పెరుగన్నము, మెత్తని పప్పన్నము, అరటిపండు, కొబ్బరినీరు, ఎల్లప్పుడు త్రాగుటకు మంచినీరు. నోటిలోను పొక్కులుండును గనుక గొడ్డుకారము, చింతపులుసు మానుట న్యాయమే. అది మంట తగ్గుటకేగాని అమ్మకు భయపడి కాదు. ఆకలి పుట్టినపుడు గ్రుడ్డు తినుట దోషము కాదు. గోళ్లు కత్తిరించి, వదులైన నూలుబట్టలు తొడిగితిమి. స్నానము మానవలసిన పని లేదు. గోరువెచ్చని నీట దినమున కొకమాఱు పోసి, రుద్దక అద్దితిమి. దురదకు కాలమిన్ ద్రవమును పైపూతగా వాడితిమి. గోకుటకు మాఱుగా లేత వేపరెమ్మతో మెల్లగా నిమురుట మా తల్లిగారి పద్ధతి. పిల్ల దానితోనే నిద్రపోయెడిది. వేపాకు వ్యాధిని పోగొట్టునని మేమనము. వేపనూనెను మాత్రము పసిపిల్లలకు త్రాగింపరాదు. అది ప్రాణాంతకము కాగలదు.

జ్వరమునకు వైద్యుడు చెప్పిన మోతాదున పారాసిటమాల్ చాలును. ఆస్పిరిన్ ఈయనే రాదు. ఆటలమ్మలో అది మెదడునకును కాలేయమునకును ఘోరమైన హాని తేగలదు. ఐబుప్రోఫెన్‌ను సైతము మానుట మేలు. ఆయాసము, ఎడతెగని వాంతులు, మగత, మెడ బిగియుట, పొక్కుచుట్టు ఎఱ్ఱబడి చీము పట్టుట, నాలుగు దినములు దాటిన జ్వరము — వీనిలో నేది కనబడినను తలకు నీళ్లు పోయువఱకు ఆగరాదు. పెద్దవారికి, గర్భిణులకు, పసికందులకు, రోగనిరోధకశక్తి తగ్గినవారికి సోకినయెడల మొదటినాడే వైద్యుని చూడవలెను. ఏసైక్లోవిర్ అను మందు తొలి 24 గంటలలో నారంభించిన మిక్కిలి గుణమిచ్చును.

దీనికి టీకా యున్నది. జపానుదేశీయుడగు మిచియాకి టకహాషి 1974లో దానిని ప్రకటించెను. అది మన ప్రభుత్వమువారి సార్వత్రిక టీకాల పట్టికలో లేదు. పిల్లల వైద్యునడిగి రెండు మోతాదులు వేయించుకొనవలెను. మేము మా మనుమరాలికి వేయింపలేదు. వేపమండ దించుటకు చూపిన తొందర అందు చూపియుండిన బాగుండెడిది.

పొరుగింటి పిల్లను వైద్యురాలికి చూపి వచ్చిన రాత్రియే దీపము పట్టుకొని, పెరటిచెట్టునుండి మండ విఱిచి, మరల వాకిట కట్టితిమి. ప్రక్కన ఒక అట్టముక్కపై "ఇంట ఆటలమ్మ యున్నది. గర్భిణులు, పసిబిడ్డలు రావలదు" అని వ్రాసి వ్రేలాడదీసితిమి. మా తల్లిగారు చదువెఱుగరు. "ఏం రాసినావు నాయనా?" అని యడిగి, మేము చదివి వినిపింపగా, "ఆకులో ఉండేదీ అదే కదా" అనిరి.