జంషెడ్‌పూర్‌లో చుక్కల తెలుగు

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, దల్మా కొండలకు ఎదురుగా, 1908లో అడవి నరికి ఒక ఊరు కట్టడం ఆరంభించారు. అంతకుముందు అక్కడ సాక్చీ అనే కుగ్రామం ఉండేది. 1907 ఆగస్టు 26న రిజిస్టరైన టాటా ఇనుము ఉక్కు కంపెనీకి ఖనిజమూ, బొగ్గూ, నీరూ, రైలుదారీ అన్నీ అందివచ్చే స్థలం కావలసి వచ్చినది; వెదకగా వెదకగా సాక్చీ దొరికినది. 1912 ఫిబ్రవరి 16న అక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైనది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కర్మాగారం ప్రభుత్వానికి పంపిన పట్టాలు అక్కరకు వచ్చినందువలన, 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టాడు. కాళీమాటీ స్టేషను టాటానగర్ అయినది.

దానంతట అది పెరిగిన ఊరు కాదిది, కాగితం మీద గీసి కట్టిన ఊరు. మొదట పిట్స్‌బర్గు ఇంజనీరు జూలియన్ కెనెడీ, 1920 ప్రాంతంలో టెంపుల్, 1936లో స్టోక్స్, 1940లలో ఓటో కోనిగ్స్‌బెర్గర్ అనే జర్మన్ వాస్తుశిల్పి, ఒకరి వెనుక ఒకరు దీనికి నమూనాలు గీశారు. ఇంత చోటులో ఇన్ని ఇళ్ళు, ఇన్ని చెట్లు, ఇంత వెడల్పు వీధి అని లెక్క కట్టుకుంటూ వచ్చారు. అయినా లెక్కకు అందని జనం వస్తూనే ఉన్నారు. వారిలో మనవారూ ఉన్నారు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కొలిమి పనికి వెళ్ళిన కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. బిస్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్నది. కద్మాలో సాయంత్రం పూట నడుస్తూంటే ఏదో ఒక అరుగు మీద నుండి ఉత్తరాంధ్ర యాస తప్పక చెవిన పడుతుంది. నాగావళి ఒడ్డున కూడా ఇప్పుడు అరుదైన మాటలు కొన్ని ఇక్కడి ముసలివారి నోట చెక్కుచెదరక మిగిలాయి. అనువాదకుడినైన నాకు ఈ ఊరు ఒక నిఘంటువు వంటిది. కాని ఆ నిఘంటువును చదివేవారు తగ్గిపోతున్నారు. మూడవ తరం పిల్లలు తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. పెళ్ళి శుభలేఖలోని తెలుగును దేవనాగరిలో రాయించుకుని చదివే యువకులను నేను చూశాను.

మా పెదనాన్నగారి అమ్మాయి ఇల్లు కద్మాలో ఉన్నది. బావగారు కర్మాగారంలో కొలతల యంత్రాల విభాగంలో పని చేసి విరమించినవారు. ఆ ఇంటి వెనుక గదిలో ఒక పాత కంప్యూటరు ఉన్నది. దానిని చూడడానికే ఒకసారి పనిగట్టుకుని వెళ్ళాను.

అది బి.బి.సి. మైక్రో. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీ 1981 చివర దీనిని విడుదల చేసినది. బ్రిటిష్ ప్రసార సంస్థ ప్రజలకు కంప్యూటరు నేర్పదలచి, తన కార్యక్రమాలకు తోడుగా దీనిని ఎన్నుకున్నది. మన దేశంలోనూ 1984-85లో 'క్లాస్' అనే పథకం క్రింద కేంద్ర ప్రభుత్వం మొదటి విడతగా 250 పాఠశాలలకు ఈ యంత్రాలనే పంపినది. కొన్నేళ్ళకు కొత్త రకాలు వచ్చాయి. పాతవి అటక లెక్కాయి. బావగారి యంత్రం అటువంటి ఒక పాఠశాల పాత సామాను అమ్మినప్పుడు, 1990ల తొలినాళ్ళలో చౌకగా చేతికి వచ్చినది. దానితోపాటు రెండు పుస్తకాలు, ఒక టేపురికార్డరు కూడా.

అప్పట్లో ఆదివారాలు అక్కయ్య వరండాలో చుట్టుపక్కల పిల్లలకు తెలుగు ఓనమాలు చెప్పేది. పలక చూపితే పిల్లలు దిక్కులు చూసేవారు. టెలివిజను చూపితే కదిలేవారు కారు. అందుచేత అక్షరాలను టెలివిజను తెరమీదకు ఎక్కించాలని బావగారు సంకల్పించారు. హల్లు తెలుపు రంగులో, గుణింతపు గుర్తు పసుపులో, ఒత్తు ఎరుపులో కనపడాలి. ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో పిల్లలు కంటితోనే పట్టుకుంటారని ఆయన ఆలోచన.

ఇక్కడే చిక్కు వచ్చినది. ఆ యంత్రం ఇంగ్లీషు అక్షరాన్ని 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గడిలో గీస్తుంది. ఆ గడిలో మనకు నచ్చిన బొమ్మలు పెట్టుకునే వీలు ఉన్నది గాని, మన లిపికి ఆ గడి చాలదు. 'ద', 'ధ', 'థ' మూడూ ఒకటే అయిపోతాయి. 'థ' పొట్టలోని చుక్కకు చోటు ఉండదు, 'ధ' క్రింది గీత బయటకు పోతుంది. 'క్ష్మి' సంగతి చెప్పనే అక్కరలేదు. కనీసం 16 చుక్కలు, 16 వరుసలు, క్రింద ఒత్తు కోసం మరి 8 వరుసలు కావాలి. ఆ మాట వినగానే అక్కయ్య, "ఇది ముగ్గు లెక్కే కదా" అన్నదట. సంక్రాంతి ముగ్గుల పుస్తకం పక్కన పెట్టుకుని గళ్ళ కాగితం మీద అక్షరాలన్నీ ఆమే దింపినది. ఆ నోటుపుస్తకం నేను చూశాను. తలకట్టు వంపును నాలుగు చుక్కల్లో తేవడానికి ఆమె తుడిచి తుడిచి కాగితానికి చిల్లులు పెట్టినది.

బొమ్మలు సిద్ధమైనా వాటిని దాచడానికి యంత్రంలో చోటు లేదు. మొత్తం జ్ఞాపకం 32 కిలోబైట్లు, అంటే 32,768 బైట్లు. ఈనాడు చేతిఫోనులో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. ఆ యంత్రానికి తెరను చూపే రీతులు ఎనిమిది ఉన్నాయి. వాటిని మోడ్‌లు అంటారు. ఆ మాటకు తెలుగు చేయడం నా వృత్తిధర్మమే అయినా, బావగారి నోట వినీ వినీ దానిని అలాగే ఉంచుతున్నాను. నాలుగు రంగులతో 320 చుక్కల వెడల్పు, 256 వరుసలు ఇచ్చేది ఒకటవ మోడ్. తెరమీది ప్రతి చుక్క రంగునూ జ్ఞాపకంలోనే దాచాలి కనుక ఆ మోడ్ ఒక్కటే 20,480 బైట్లు మింగుతుంది. యంత్రం తన సొంతానికి ఉంచుకునేది పోగా, ప్రోగ్రామునకు మిగిలేది 8,704 బైట్లు. పాఠమూ, గీసే పద్ధతీ, అక్షరాల బొమ్మలూ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

దీనికి విరుగుడు పుస్తకంలోని ఒక పట్టికలో దొరికినది. తెరను నడిపించేది 6845 అనే చిన్న చిప్పు. దానిలో అంకెలు నింపుకునే అరలు 18 ఉన్నాయి. అడ్డంగా ఎన్ని గడులు చూపాలి, నిలువుగా ఎన్ని వరుసలు చూపాలి, జ్ఞాపకంలో ఏ చోటు నుండి మొదలుపెట్టాలి అన్నవి ఆ అరలలోని అంకెలే. మోడ్‌లు చాలావరకు తయారు చేసినవారు నింపి పెట్టిన అంకెల జాబితాలే! అంకె మారిస్తే తొమ్మిదవ మోడ్ పుడుతుంది.

బావగారు వెడల్పు అరలోని 80ని 64 చేశారు. 32 వరుసలను 24 చేశారు. తెర 256 చుక్కలు, 192 వరుసలకు కుదించుకుపోయినది. అది మింగే జ్ఞాపకం 20,480 నుండి 12,288 బైట్లకు దిగినది. మిగిలినవి 8,192 బైట్లు. ఒక్కొక్క అక్షరఖండానికి 32 బైట్లు చొప్పున సరిగ్గా 256 బొమ్మలు పడతాయి. తెలుగుకు అది చాలును, ఇంకా కొంత మిగులును. తెరమీద అడ్డంగా 16 అక్షరాలు, నిలువుగా 8 పంక్తులు వస్తాయి. చంటిపిల్లల పాఠానికి అంతకంటె ఎందుకు?

ఇదంతా ఉచితంగా వచ్చినది కాదు. గడులు తగ్గిస్తే బొమ్మ తెరకు ఎడమ పక్కకు ఒదిగిపోతుంది. దానిని నడిమికి తేవడానికి మరొక అరలో 98ని 90గా మార్చాలి. అంకె మరీ తప్పితే టెలివిజను పట్టు తప్పి, బొమ్మ చీరకుచ్చెళ్ళలా పక్కకు జారిపోతుంది. అన్నింటికంటె పెద్ద నష్టం మరొకటి. యంత్రంలో పుట్టుకతో ఉన్న గీసే పద్ధతులు వరుసకు 640 బైట్లు ఉంటాయనే నమ్మి పని చేస్తాయి. కొత్త తెరలో అవి 512. అందుచేత అవి గీసినదంతా మెట్లు మెట్లుగా వంకర పోతుంది. అక్షరం గీయడం, తుడవడం, రంగు వేయడం సమస్తం స్వయంగా యంత్రభాషలో రాసుకోవలసినదే. అయితే 512 మీద ఒక సుఖం ఉన్నది. ఆ యంత్రపు 6502 చిప్పు లెక్కలను 256ల కట్టలుగా చూస్తుంది. 512 సరిగ్గా రెండు కట్టలు కనుక ఏ వరుస ఎక్కడ ఉన్నదో గుణించకుండానే తెలిసిపోతుంది. అక్షరాలు గబగబా పడతాయి.

ఈ ఉపాయం ఒక్క జంషెడ్‌పూర్‌లోనే పుట్టినది కాదు. ఇదే యంత్రం మీద 1984లో ఇయాన్ బెల్, డేవిడ్ బ్రాబెన్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు రాసిన 'ఎలీట్' అనే అంతరిక్షపు ఆట ప్రసిద్ధికెక్కినది. వారు కూడా తెరను 256 చుక్కల వెడల్పునకు తగ్గించి, వరుసకు సరిగ్గా 256 బైట్లు వచ్చేట్టు చేశారు. అంతటితో ఆగక, తెర గీస్తూ గీస్తూ ఉండగా గడియారం చూసుకుని నడిమధ్యన మోడ్ మార్చారు. పైభాగంలో సన్నని తెల్లగీతల ఆకాశం, క్రింద రంగుల మీటల పలక. ఆనాటి మరొక ఇంటి కంప్యూటరు స్పెక్ట్రం 6,912 బైట్లకే రంగుల తెర ఇచ్చేది. కాని అందులో 8 చుక్కల గడికి రెండు రంగులు మించి కుదరవు. తెల్లని హల్లునూ పసుపు గుడినీ పక్కపక్కన పెడితే ఒకదాని రంగు మరొకదానికి అంటుకుపోతుంది.

ఈలోగా లోకం ముందుకు సాగినది. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికినది. నేడు ఎవరి ఫోనులోనైనా తెలుగు రాయవచ్చును. బావగారి ప్రోగ్రాము మాత్రం ఒకే ఒక్క క్యాసెట్టులో మిగిలినది. ఆ క్యాసెట్టు పాడయితే అక్కయ్య నోటుపుస్తకం తప్ప మరేమీ ఉండదు. అందుకే ఆయన నన్ను పిలిచినది, నా చేత లాప్‌టాప్ తెప్పించినది.

యంత్రం ముట్టించే ముందు బావగారు దాని విద్యుత్తు పెట్టె విప్పి పాత కెపాసిటర్లు రెండు తీసి కొత్తవి వేశారు. వయసు మళ్ళిన ఆ భాగాలు పగిలి గదినిండా పొగ కక్కడం ఈ యంత్రాలకు ఉన్న పేరుపడ్డ జబ్బు. తరువాత టేపు పెట్టారు. సెకనుకు 1,200 బిట్ల చొప్పున అది కీచుమంటూ వస్తుంది. 256 బైట్ల ఖండం పూర్తి కాగానే యంత్రం లెక్క సరిచూసుకుంటుంది. లెక్క కుదరకపోతే టేపు వెనక్కి తిప్పమని అడుగుతుంది. ఒక ఖండం దగ్గర ఏడుసార్లు అడిగినది. బావగారు మాట్లాడలేదు. రికార్డరులోని తలను స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పారు. ఎనిమిదవసారి యంత్రం ముందుకు సాగినది.

నల్లని తెర నడుమ తెల్లగా, పచ్చగా, ఎర్రగా అక్షరాలు పడ్డాయి. మూడవ పంక్తిలో 'సువర్ణరేఖ' అన్న మాట. ఏడవ తరగతి చదువుతున్న మనవరాలు వచ్చి ఎర్రని ఒత్తు మీద వేలు పెట్టి, "ఇది ణకారమా తాతగారూ?" అని అడిగినది. తెర చుట్టూ అంత నలుపు ఎందుకు వదిలారని కూడా అడిగినది. "ఆ నలుపు అమ్మితేనే ఈ అక్షరాలు వచ్చాయమ్మా" అన్నారాయన. ఆ పిల్ల మూడు పంక్తులు కూడబలుక్కుని చదివి, ఫోను మోగితే వెళ్ళిపోయినది.

ఆ సాయంత్రం టేపులోని ధ్వనిని లాప్‌టాప్‌లోకి ఎక్కించాము. పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో పెట్టి చూస్తే అంతా కుదిరినది. ఘ, ఝ మాత్రం ఇరుకుగా ఉన్నాయని అక్కయ్యకు మొదటినుండీ అసంతృప్తి. వాటికి రెండేసి గడులు ఇవ్వాలని, 256 బొమ్మలలో ఇంకా 40 ఖాళీ ఉన్నాయని బావగారు అన్నారు. అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని నోటుపుస్తకంలో తెల్లకాగితాలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టసాగినది.