ఊరి రోడ్డే... రేసు ట్రాక్!

చీకటి పడ్డాక కోనసీమ కాలువ గట్ల మీద సైకిల్ తొక్కినవాళ్లకి ఓ సంగతి అనుభవమే. డైనమోని టైరుకి ఆనించగానే లైటు వెలుగుతుంది. ఆ వెంటనే పెడలు బరువెక్కుతుంది. చక్రం పరుగులో కొంత, వెలుతురుగా మారిపోతుందన్నమాట. ఒకప్పుడు అమలాపురం, రాజోలు కుర్రాళ్లందరికీ తెలిసిన ఈ కిటుకే గంటకి 300 కిలోమీటర్లు దాటి దూసుకెళ్లే హైబ్రిడ్ రేసు కార్లకీ ఆధారం. వాటి సత్తా తేల్చే ఊరు ఒకటుంది. అదే ఫ్రాన్స్‌లోని లె మాన్స్!

జూన్ వస్తే జాతరే

పారిస్‌కి నైరుతి దిక్కున సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది లె మాన్స్. మోంపర్నాస్ స్టేషన్‌లో టీజీవీ రైలెక్కితే దాదాపు గంట ప్రయాణం. సార్త్ నది ఒడ్డున రోమన్ల కాలంనాటి గోడ, సెయింట్ జూలియన్ కెథెడ్రల్, రాళ్లు పరిచిన ఇరుకు వీధులు... చూడ్డానికి నెమ్మదైన ఊరే. జూన్‌లో మాత్రం అక్కడ జాతరే. రేసుకి ముందురోజు డ్రైవర్లని పాతకాలపు కార్లలో ఎక్కించి ఊరేగిస్తారు.

ఇక్కడ తొలి రేసు 1923 మేలో జరిగింది. ట్రాక్ ఒక చుట్టు 13.626 కిలోమీటర్లు. విశేషమేంటంటే అందులో చాలా భాగం జనం రోజూ తిరిగే రోడ్డే! కనుమనాడు జగ్గన్నతోటకి వెళ్లే ప్రభలకి పచ్చని చేలు దారిచ్చినట్టు, రేసు రోజుల్లో ఊరి రోడ్లు కార్లకి దారిస్తాయి. వాటిలో ఆరు కిలోమీటర్ల హునోడియేర్ రోడ్డు అందరికంటే ఫేమస్. కార్ల వేగం హద్దు మీరుతోందని 1990లో దానిమీద రెండుచోట్ల వంపులు పెట్టారు.

వేగానికి ఈ ఊరు మూల్యం కూడా చెల్లించింది. 1955లో ఓ కారు ఎగిరి జనం మీద పడటంతో 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. ఆ తరవాత పిట్లు, స్టాండ్లు కూల్చి కొత్తగా కట్టారు.

వృథా కానివ్వదు

శనివారం సాయంత్రం మొదలైన పరుగు మర్నాడు అదే సమయానికి ఆగుతుంది. ఒక్కో కారుకి ముగ్గురు డ్రైవర్లు. 24 గంటల్లో ఎవరు ఎక్కువ దూరం వెళితే వాళ్లే విజేత. ఎంత వేగమున్నా నడిమధ్యలో ఆగిపోతే ఏం లాభం? పెట్రోలు పొదుపు చేయాలి. ఏ భాగమూ మొరాయించకూడదు.

అక్కడే హైబ్రిడ్ అక్కరకొస్తుంది. మామూలు కారులో బ్రేకు వేస్తే ఆ శక్తంతా వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. హైబ్రిడ్‌లో మోటారే డైనమోలా మారి దాన్ని కరెంటుగా పట్టి దాస్తుంది. మలుపు దాటగానే అదే కరెంటుతో చక్రాలను తోస్తుంది. 2012లో ఆడి కారుతో హైబ్రిడ్లకి తొలి గెలుపు దక్కింది. తరవాత పోర్షే 919 వచ్చింది. దాని ఇంజిన్ కేవలం రెండు లీటర్లది. పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితోనూ అది కరెంటు పుట్టించేది! ఒక్కో చుట్టుకి వాడుకునే కరెంటు 8 మెగాజౌళ్లు. మన మీటరు లెక్కలో రెండు యూనిట్ల పైచిలుకు. 2015 నుంచి వరసగా మూడేళ్లు గెలిచిందా కారు.

మూడు నిమిషాల దూరంలో...

2016 రేసుని మాత్రం పోర్షే గెలుపు కంటే టయోటా ఓటమితోనే గుర్తుపెట్టుకుంటారు. అంతవరకూ లె మాన్స్‌లో ఒక్కసారీ గెలవని టయోటా ఆరోజు ముందుంది. స్టీరింగ్ ముందు కజుకి నకజిమా. గెలుపు ఖాయమనుకున్న వేళ కారు శక్తి తగ్గిపోయింది. మరో మూడు నిమిషాలుందనగా స్టాండ్ల ఎదుటే ఆగింది. పోర్షే పక్కనుంచి దూసుకెళ్లింది. ఎలాగో కదిలినా, చివరి చుట్టుకి నిర్ణీత సమయం మించిపోవడంతో టయోటా కారుకి అసలు స్థానమే దక్కలేదు. కారణం? టర్బో నుంచి గాలి తీసుకెళ్లే గొట్టం దగ్గర పాడైన చిన్న జాయింటు.

రెండేళ్లకి, 2018లో, టయోటా గెలిచింది. చివరి చుట్టులో కారు నడిపింది ఎవరో తెలుసా... అదే నకజిమా!

రేసు లేనప్పుడు వెళ్లినా అక్కడి మ్యూజియంలో పాత విజేతలని చూడొచ్చు. అద్దె కారులో హునోడియేర్ రోడ్డు మీద తిరగొచ్చు కూడా. కాకపోతే పక్కనే లారీలు వెళుతుంటాయి. స్పీడు బోర్డులుంటాయి. నెమ్మదిగా వెళ్లాల్సిందే!