కర్తా, సబ్జెక్టూ ఒకటి కాదు

మా అమ్మాయి ఐదో తరగతి. మొన్న ఆదివారం పొద్దున్నే ఇంగ్లిష్ వర్క్‌షీట్ ముందేసుకుని కూర్చుంది. పది వాక్యాలు. సబ్జెక్ట్ కింద ఒక గీత, ప్రెడికేట్ కింద రెండు గీతలు గియ్యాలి. తొమ్మిది చకచకా అయిపోయాయి. పదోది: ‘ది గ్లాస్ వాజ్ బ్రోకెన్.’

“నాన్నా, సబ్జెక్ట్ అంటే పని చేసేవాళ్లే కదా?”

“అవును.”

“మరి గ్లాసేం చేసింది?”

తప్పు నాదే. ఆ నిర్వచనం నేను చెప్పిందే. నల్గొండ దగ్గర మా తెలుగు మీడియం బళ్లో కర్త అంటే సబ్జెక్ట్, కర్మ అంటే ఆబ్జెక్ట్, క్రియ అంటే వెర్బ్ అని బోర్డు మీద రాసిచ్చారు. ఆ లెక్కతోనే బీటెక్ గట్టెక్కాను, ఇంటర్వ్యూలూ గట్టెక్కాను. రాముడు రావణుణ్ణి చంపినంత సేపూ ఇబ్బంది లేదు. రావణుడు రాముడి చేత చంపబడ్డప్పుడే చిక్కు.

ఇంగ్లిష్‌లో సబ్జెక్ట్ అనేది ఒక కుర్చీ. ఎవరు కూర్చుంటే వాళ్లను బట్టి క్రియ మారుతుంది. ఒక గ్లాసైతే ‘వాజ్’, రెండైతే ‘వర్’. పగలగొట్టిన చెయ్యి ఎవరిదన్నది ఆ కుర్చీకి అనవసరం. మన వ్యాకరణంలో కర్త అలా కాదు. పాణిని కర్తను ‘స్వతంత్రుడు’ అన్నాడు, అంటే ఆ పనిలో ఇంకొకరి మీద ఆధారపడనివాడు. వాక్యాన్ని ఎటు తిప్పినా రాముడే కర్త. కాకపోతే పక్కన ఒక ‘చేత’ వచ్చి చేరుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో కారకాలకు ఒక పరిచ్ఛేదమే ఉంది. దాన్ని మార్కుల కోసం బట్టీపట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అయినా ఇళ్లల్లో ‘పగలగొట్టబడింది’ అని ఎవరంటారు? ‘పగలగొట్టాను’ అంటాం, లేదా ‘పగిలింది’ అంటాం. మొదటిదాంట్లో ‘నేను’ లేకపోయినా చివరి ‘ను’ పట్టిచ్చేస్తుంది. రెండోదాంట్లో మనుషులే ఉండరు. చిన్నప్పుడు మా ఇంట్లో అన్నీ వాటంతటవే పగిలేవి.

నాలుగేళ్ల కిందట మైండ్‌స్పేస్‌లో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఓ శుక్రవారం సాయంత్రం, స్టేజింగ్ అనుకుని ప్రొడక్షన్‌లో స్క్రిప్ట్ రన్ చేశాను. ఒక టేబుల్ పోయింది. రాత్రికి బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం గానీ మూడు గంటల డేటా మాత్రం రాలేదు. రిపోర్ట్ నేనే రాశాను: ‘ది టేబుల్ వాజ్ డ్రాప్డ్ డ్యూరింగ్ మెయింటెనెన్స్.’ గ్రామర్‌లో వంక పెట్టడానికి లేదు. సబ్జెక్ట్ ఉంది, టేబుల్. ప్రెడికేట్ ఉంది. రిపోర్టుల్లో మనుషుల పేర్లు రాయకూడదన్నది మా టీమ్ పద్ధతి, మంచి పద్ధతే. నేను దాని వెనక దాక్కున్నాను.

సోమవారానికి ఆ ఖాళీని జనమే పూరించుకున్నారు. ఆ రోజు షిఫ్ట్‌లో ఉన్న కాంట్రాక్ట్ కుర్రాడు. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. లంచ్ టేబుల్ దగ్గర అతని పేరు రెండుసార్లు విన్నాను, పప్పన్నం కలుపుకుంటూ. వచ్చే నెల అతని కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు. దీనివల్లేనా అని నేను అడగలేదు. ‘రెన్యూ కాలేదు.’ చూశారా, ఇక్కడా ఎవరూ లేరు.

“గ్లాసే సబ్జెక్ట్. గీత గియ్యి,” అన్నాను.

గీసింది. “పగలగొట్టిందెవరో మరి ఇందులో ఎక్కడుంది?”

“లేదు. లేకపోయినా వాక్యం కరెక్టే.”

దానికి నచ్చలేదు. షీట్ మడిచి బ్యాగులో పెట్టేసింది.

ఆ రాత్రి అతని నంబర్ వెతికి మెసేజ్ మొదలుపెట్టాను. ఇంగ్లిష్‌లో రాయబోతే రెండో పదానికే మళ్లీ ‘వాజ్’ వచ్చింది. చెరిపేసి తెలుగులో రాశాను: ‘ఆ రోజు టేబుల్ డ్రాప్ చేసింది నేనే. అందరికీ చెప్పాల్సింది, చెప్పలేదు.’

రెండు టిక్కులు పడ్డాయి. ఇంకా నీలం కాలేదు.