పిల్లికీ షుగరొస్తుంది

పిల్లికి షుగరంటే మొదట నవ్వుతారు. లక్షణాలు మాత్రం మనవే: గిన్నెలకు గిన్నెలు నీళ్ళు తాగడం, తెల్లారేసరికి ఇసుక ట్రే ముద్దకట్టడం, ఆబగా తింటూనే చిక్కిపోవడం. కొన్ని వెనక మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. అది నరాలు దెబ్బతిన్న గుర్తు.

ఇంట్లో షుగరు మనిషి ఉన్నవాళ్ళు ఈ వైద్యం ఇట్టే నేర్చుకుంటారు. తమకు తెలిసిన జబ్బే కదా అన్న ధీమాతో పొరపాట్లూ వాళ్ళే ఎక్కువ చేస్తారు. ఒక రిటైర్డు మాస్టారి బొద్దు మగపిల్లికి గ్లార్జిన్ ఇన్సులిన్ పూటకు ఒక్క యూనిట్ చొప్పున రెండు పూటలా రాశాను. మర్నాడు రాత్రి ఫోను. “డాక్టరుగారూ, తూలుతోంది, పిలిచినా పలకట్లేదు.” చిగుళ్ళకు తేనె రాసి వెంటనే తీసుకురమ్మన్నాను. గ్లూకోజు ఎక్కించాక తేరుకుంది. సిరంజి చూపించమంటే ఎర్రమూతది తీశారు. ఆయన సొంతానికి వాడుకునే యు-40 సిరంజి! గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. ఆ సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగితే లోపలికి పోయేది రెండున్నర యూనిట్లు.

పైగా తనలాగే దానికీ రాత్రి భోజనం మాన్పించారట. లావు పిల్లిని పస్తుపెడితే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. మాన్పించాల్సింది పెరుగన్నం, బిస్కెట్లు. పిండిపదార్థం తక్కువుండే తడి మేతకు మార్చాం. మేత మారితే ఇన్సులిన్ తగ్గించాల్సి రావచ్చు కనుక, డాక్టరుతో చెప్పే మార్చాలి.

బెదిరితే పిల్లికి షుగరు పెరుగుతుంది. అందుకే మా టేబుల్ మీద వచ్చే రీడింగ్‌ని నేనే నమ్మను. మాస్టారి భార్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వెచ్చటి గుడ్డతో చెవి అంచు కాస్త కాపడం పెట్టి, వెనక దూది ఆనించి చటుక్కున పొడుస్తారు. ఆవగింజంత చుక్క చాలు. రెండో చేతిలో చికెన్ ముక్క సిద్ధం. పిల్లి ధ్యాసంతా దాని మీదే.

కొన్నాళ్ళకు ఆ పిల్లికి ఇన్సులిన్ అవసరమే లేకపోయింది. జబ్బు తొలినాళ్ళలోనే పట్టుకుంటే పిల్లుల్లో ఇది జరుగుతుంది. అయినా మీటరు అటకెక్కించవద్దన్నాను. బరువు పెరిగినా, స్టిరాయిడ్లు వాడినా తిరగబెట్టవచ్చు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లి ఉంటే, సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని కొనేటప్పుడే చూసుకోండి. అది తినని పూట సూది వెయ్యకుండా ముందు డాక్టరుకు ఫోను చెయ్యండి.