టూల్‌బాక్స్ లోపల ఏముందో మనమూ తెరిచి చూద్దాం



నేను ఈసీఈ మూడో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. డీఎస్పీ ల్యాబ్ అంటే మన హాస్టల్ పిల్లలు చాలామంది భయపడుతున్నారు, అందుకే ఈ పోస్ట్.

డీఎస్పీ అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్. గొంతైనా, గుండె చప్పుడైనా అంకెలుగా మార్చి ఇస్తే గబగబా గుణించి కూడే చిప్. దాన్ని ప్రోగ్రామ్ చేయడానికి మ్యాట్‌ల్యాబ్‌లో టూల్‌బాక్స్‌లున్నాయి. సిమ్యులింక్‌లో బ్లాకులు పెట్టి గీతలు కలిపితే, ఎంబెడెడ్ కోడర్ సీ కోడ్ రాసేస్తుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సీ2000 చిప్‌లకైతే విడిగా బ్లాకులున్నాయి, బటన్ నొక్కితే కోడ్ బోర్డులోకి ఎక్కుతుంది.

సుఖమే. కానీ లైసెన్స్‌కి డబ్బు కావాలి. మా ల్యాబ్‌లో లైసెన్స్ ఉన్న సిస్టమ్‌లు నాలుగే. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళ చేతికే మౌస్ వెళ్తుంది. మనకి రికార్డు రాసే పని మిగులుతుంది.

నా ప్రాజెక్టు, మా అమ్మమ్మ కోయ భాషలో చెప్పిన కథల రికార్డింగ్. అందులో 50 హెర్ట్జ్ కరెంటు హమ్, మాట కంటే అదే ఎక్కువ వినపడేది. సీనియర్ అన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆక్టేవ్ వేసుకున్నా, అది ఉచితం. నాచ్ ఫిల్టర్ గుణకాలు అందులోనే లెక్కేశా. ఒక్కో శాంపిల్‌కి 5 గుణకారాలు, 4 కూడికలు, తీసివేతలు. సెకనుకు 8,000 శాంపిళ్ళు, అంటే 40,000 గుణకారాలు. మా బోర్డు మీది చిప్ 200 మెగాహెర్ట్జ్. ఒక శాంపిల్‌కీ ఇంకోదానికీ మధ్య దానికి 25,000 క్లాక్ సైకిళ్ళ టైముంది! సీ కోడ్ నేనే రాసి, కోడ్ కంపోజర్ స్టూడియోలో కంపైల్ చేశా. అదీ ఉచితమే. సార్‌ని అడిగి బోర్డు తీసుకుని, ఫోన్ నుంచి ఆడియో ఇచ్చి నడిపా. హమ్ తగ్గింది. 100 హెర్ట్జ్ దగ్గర ఇంకొంచెం మిగిలితే రెండో నాచ్ పెట్టా. అమ్మమ్మ గొంతు తేటగా వచ్చింది.

తర్వాత ల్యాబ్‌లో నా వంతు వచ్చినప్పుడు అదే ఫిల్టర్ బ్లాకులతో చేసి, టూల్‌బాక్స్ రాసిన కోడ్ తెరిచా. స్టెప్ ఫంక్షన్‌లో నావే గుణకాలు, అదే లెక్క. పేర్లు మాత్రం బారెడు.

టూల్‌బాక్స్ వద్దనట్లేదు. పెద్ద ప్రాజెక్టుల్లో బోలెడు టైమ్ మిగులుస్తుంది, నేర్చుకోవాల్సిందే. కాకపోతే లైసెన్స్ లేదని సబ్జెక్టు వదిలేయొద్దు. లోపలి లెక్కకి లైసెన్స్ అక్కర్లేదు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ల్యాబ్‌లో రికార్డు ఒక్కటే తీసుకోకండి. "ఈ వారం కీబోర్డు నాది" అని అడగండి. మా హాస్టల్ దగ్గర్లో ఉన్నోళ్ళు ఆదివారం రండి, ఆక్టేవ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఉంచా.

జై ఆదివాసీ.