గద్ద బొమ్మతో శుభాకాంక్షలు

లండన్‌లో సౌత్ కెన్సింగ్‌టన్ అని ఒక పేట ఉంది. రోడ్డుకి ఇటొకటీ అటొకటీ రెండు పెద్ద మ్యూజియాలు. ప్రత్యేక ప్రదర్శనలకి తప్ప రెండింటికీ టికెట్టు లేదు. అమ్మాయి పురిటికని వెళ్లినదాన్ని, బాలింత పథ్యం, బుజ్జిదాని స్నానం అన్నీ అయ్యాక ఓ పూట ఖాళీ దొరికితే, "మీరలా తిరిగి రండి అత్తయ్యగారూ, ఇల్లు నేను చూసుకుంటా" అని అల్లుడే ట్రెయినెక్కించాడు.

స్టేషన్ దగ్గరే ఓ చిన్న గ్రీటింగు కార్డుల షాపు. తొంగిచూద్దును కదా, ఒక వరుస మొత్తం డేగలు, గద్దలు, గుడ్లగూబలు! ఎప్పటివో పాత పుస్తకాల్లోని బొమ్మలట. పుట్టినరోజుకీ, పెళ్లిరోజుకీ ఇవే ఇచ్చుకుంటారట. మన దగ్గరైతే గద్ద ఇంటిమీద వాలితే కీడంటాం. గుడ్లగూబ కూస్తే పిల్లల్ని లోపలికి లాక్కుంటాం. ఒక్క గరుడపక్షికి మాత్రం లెంపలేసుకుని దణ్ణం పెడతాం. వాళ్లకి గుడ్లగూబ అంటే తెలివికి గుర్తు, డేగ అంటే రాజుల వేటకి గుర్తు. ఆ మాటకొస్తే విజయనగరాన్నేలిన సాళువ వంశం పేరులో ఉన్నదీ వేటడేగే.

కెస్ట్రెల్ అనే చిన్న డేగ బొమ్మ ఉన్న కార్డు చేతిలోకి తీసుకున్నా. రెక్కమీది ఒక్కొక్క ఈకా లెక్కపెట్టొచ్చు. బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాల్లో జె. అండ్ ఇ. గౌల్డ్ అని ఉంది. కార్డు వెనక మాత్రం జాన్ గౌల్డ్ అనే ఉంది. మరి ఆ 'ఇ' ఎవరు?

ఆవిడ ఎలిజబెత్. జాన్ భార్య. 1804లో రామ్స్‌గేట్ అనే సముద్రపు ఊళ్లో పుట్టింది. పెళ్లికి ముందు ఒకరింట్లో పిల్లలకి చదువు చెప్పేది. 1829లో పెళ్లి. ఆయన పక్షుల్లో గడ్డీ దూదీ కూరి నిలబెట్టే పనిలో దిట్ట. మన దేశం నుంచి హిమాలయాల పక్షుల చర్మాలు లండన్ చేరితే, వాటితో పుస్తకం వేద్దామనుకున్నాడు. బొమ్మలెవరు వేస్తారు? భార్యే వేసింది. 80 పెద్ద బొమ్మలు, ఆ పక్షుల్ని ప్రాణంతో ఒక్కసారైనా చూడకుండా.

అదేం తేలిక పని కాదండీ. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో గీయాలి. రాయి తడిపి నూనెసిరా రుద్దితే, తడిచోట అంటుకోదు, జిడ్డు గీతల మీదే పడుతుంది. నూనె రాసుకున్న చేతికి నీళ్లు నిలవవు చూడండి, అదే కిటుకు. అచ్చులో కుడి ఎడమవుతుంది కనక బొమ్మంతా తిరగేసి గీయాలి. అద్దంలో చూస్తూ ముగ్గేసినట్టే! తర్వాత ఒక్కొక్క కాగితానికీ చేత్తోనే రంగులు.

ఐరోపా పక్షుల మీద తర్వాత వేసిన పుస్తకంలో 448 బొమ్మలుంటే, 68 ఎడ్వర్డ్ లియర్ అనే ఆయనవి. పెద్ద గుడ్లగూబ ఆయనదే. మిగతావి దాదాపు అన్నీ ఎలిజబెత్ చేతివే. మొత్తం మీద ఆవిడ గీసినవి ఆరువందలకి పైమాటే, అదీ పదకొండేళ్లలో, కాన్పుల మధ్య. 1838లో భర్తతో ఆస్ట్రేలియా పక్షుల కోసం ఓడెక్కింది. పెద్దబ్బాయిని వెంటబెట్టుకుని, చిన్నపిల్లలు ముగ్గుర్నీ తల్లి దగ్గర వదిలింది. అక్కడ ఇంకో మగపిల్లాడు. 1840లో తిరిగొచ్చింది. మరుసటేడు ఎనిమిదో కాన్పు. ఆ వెంటనే బాలింత జ్వరం. ముప్ఫై ఏడేళ్లకే పోయింది. డాక్టర్లు చేతులు శుభ్రంగా కడుక్కుంటే ఈ జ్వరం తగ్గిపోతుందని వియన్నాలో సెమ్మెల్వైస్ చూపించింది 1847లో.

ఇంట్లో నా కూతురు పచ్చి బాలింత. ఆ కార్డు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

భర్త ఆవిణ్ణి మర్చిపోలేదు పాపం. ఆస్ట్రేలియాలో దొరికిన రంగురంగుల పిట్టకి ఆవిడ పేరే పెట్టాడు. హిమాలయాల్లో తేనెపిట్ట ఒకదానికి అంతకుముందే ఇంకొకాయన ఆవిడ పేరు పెట్టాడు. పిట్టలకున్న భాగ్యం కార్డు వెనక లేకపోయె!

ఇక మ్యూజియాల సంగతి. నేచురల్ హిస్టరీ మ్యూజియం 1881లో తెరిచారు. గోడల నిండా కాల్చిన మట్టితో చేసిన జంతువులే, బయట నిలబడి చూసినా చాలు. పిల్లలు లోపలికెళ్లి డైనోసార్ల వైపు పరుగెడతారు. ఎదురుగా ఉన్న విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి మొదటి డైరెక్టరు హెన్రీ కోల్. క్రిస్మస్‌కి అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక 1843లో ఒక బొమ్మ గీయించి, వెయ్యి కార్డులు అచ్చేయించాడు. మొదటి క్రిస్మస్ కార్డంటే అదే. వెల ఒక షిల్లింగు, అప్పట్లో మామూలు జనానికి అందని ధర.

ఇప్పుడూ తక్కువేం కాదు, మూడు పౌన్లు. రూపాయల్లోకి మార్చుకుంటే గుండె ఝల్లుమంటుంది, మార్చుకోకండి. లోపల ఖాళీగా ఉన్నవే తీసుకోండి, మన తెలుగులో రాసుకోవచ్చు. నేను రెండు కొన్నాను. పట్టుచీర మడతల్లో పెట్టి తెచ్చాను, మూలలు నలగలేదు. ఒకటి బొమ్మలేసే మా వదినకి. వెనక జాన్ గౌల్డ్ పేరు పక్కన ఎలిజబెత్ అని నా పెన్నుతోనే రాసిచ్చాను.