మోర్ బెటర్ కాదమ్మా, మచ్ బెటర్!

మా నారాయణఖేడ్ బజారులో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. నాలుగింటిలోనూ బేరమాడే నేను, పాప స్కూల్ మీటింగ్‌లో మాత్రం ఇంగ్లీషు దగ్గర దెబ్బతిన్నాను. లెక్కల్లో మార్కులు పెరిగాయన్న సంతోషంలో "దిస్ టైమ్ మోర్ బెటర్, మేడమ్" అనేశాను. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. పాప తల దించుకుంది.

ఇంటికొస్తూ దారిలో, "ఇంకోసారి డాడీని పంపమ్మా" అంది. ఆ మాట గుచ్చుకుంది.

రాత్రి గిన్నెలు తోముకున్నాక నేనే అడిగాను, "నా తప్పేంటో చెప్పవే" అని.

చెప్పింది. బెటర్ అన్న మాటలోనే 'ఇంకా' ఉందట. ముందు మళ్లీ మోర్ పెట్టకూడదు. తేడా బాగా ఉంటే మచ్ బెటర్, ఫార్ బెటర్. కొంచెమే అయితే ఎ లిటిల్ బెటర్. అలాగే వెరీ టాలర్ కాదు, మచ్ టాలర్.

నాకప్పుడు అర్థమైంది. మనం "ఇంకా మంచిగ" అంటాం, ఉర్దూలో "ఔర్ అచ్ఛా" అంటారు. 'మంచి' మారదు, ముందు ఒక మాట చేరుతుంది, అంతే. నా నోరు ఆ అలవాటే పట్టుకెళ్లింది.

ఫోన్‌లో వెతికితే షేక్‌స్పియర్ 'ద టెంపెస్ట్' నాటకంలోనూ మోర్ బెటర్ కనిపించింది! ఆ రోజుల్లో అలా రాసేవారట. ఇద్దరం పకపకా నవ్వుకున్నాం.

తర్వాతి మీటింగ్ చీటీ పాప నా చేతికే తెచ్చిచ్చింది. ఈసారి నేను "మచ్ బెటర్" అన్నాను, కాస్త గట్టిగానే.